ఫ్లారెన్సు నైటింగేలు – ఆసుపత్రికి శుభ్రత నేర్పిన సేవకురాలు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు ఎవరిని గురించి వ్రాయుదుమా అని కొన్ని దినములు ఆలోచించాము. మన మధ్య పనిచేసిన మిషనరీలను గురించి, తొలి తెలుగు పాదిరులను గురించి మాకంటె బాగుగా తెలిసినవారు ఎందరో ఉన్నారు. మేము మాత్రము మన దేశములో ఎన్నడును అడుగుపెట్టని ఒక స్త్రీని గురించి వ్రాయదలచాము. ఆమె ఫ్లారెన్సు నైటింగేలు. నర్సింగు చదివిన బిడ్డలున్న ఇండ్లలో ఈ పేరు తెలియనివారు లేరు. శిక్షణకు వెళ్లిన మన ఆడపిల్లలు చేత దీపము పట్టుకొని చేసే ప్రమాణము కూడ ఆమె పేరుతోనే పిలువబడుచున్నది.

అయితే మనకు తెలిసినది ఎక్కువగా ఆ దీపము పట్టుకొన్న బొమ్మ మాత్రమే. ఆ వెలుతురులో మంచములమీద పడియున్నవారు ఏ జబ్బుతో పడియున్నారో ఆలోచించినవారు తక్కువ. తుపాకి గుండ్లు తగిలిన సిపాయిలని అనుకొంటాము. నిజమేమనగా, ఆ ఆసుపత్రిలో ప్రాణము విడిచినవారిలో ఎక్కువమంది గాయములవలన పోలేదు. విరేచనములవలన, రక్త విరేచనములవలన, కలరావలన, జ్వరములవలన పోయారు. ఆసుపత్రికి వచ్చిన తరువాతనే ఆ జబ్బు అంటుకొన్నవారును వారిలో ఉన్నారు. ఈ మాటలు గుడిలో చెప్పదగినవి కావని కొందరనవచ్చును. కాని మన ఇండ్లలోని పసిబిడ్డలను, ముసలివారిని తీసుకొనిపోయే జబ్బును గురించి సంఘములో మాటలాడుకొనక మరెక్కడ మాటలాడుకొందుము?

బాల్యము – పిలుపు

ఫ్లారెన్సు 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరములో జన్మించింది. తలిదండ్రులు ఆంగ్లేయులు, మిక్కిలి ధనవంతులు. దేశసంచారములో ఉండగా పుట్టినందున ఆ ఊరిపేరే బిడ్డకు పెట్టారు. అంతకు ముందు ఏడాది నేపుల్సులో పుట్టిన అక్కకు ఆ ఊరి ప్రాచీన నామమైన పార్తెనోపి అని పేరు పెట్టారు. ఇంగ్లండులో వారికి రెండు పెద్ద భవనములున్నవి. ఒకటి డర్బీషైరులో, రెండవది హాంప్‌షైరులో. తండ్రి విలియం నైటింగేలు కుమార్తెలకు తానే చదువు చెప్పాడు. గ్రీకు, లాటిను, చరిత్ర, తత్వశాస్త్రము నేర్పాడు. ఫ్లారెన్సుకు వీటన్నిటికంటె లెక్కలమీద మక్కువ ఎక్కువ. ఆడపిల్లకు లెక్కలెందుకని తల్లి నొచ్చుకొనేది. ఆ లెక్కలే తరువాత వేలమంది ప్రాణములు కాపాడినవని చెప్పితే ఆ తల్లి నమ్మియుండదు.

1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, ఇంకను పదిహేడు నిండని వయస్సులో, దేవుడు తన్ను తన సేవకు పిలిచినట్లు ఆమె గ్రహించింది. ఆ దినమును జీవితాంతము జ్ఞాపకముంచుకొన్నది. అయితే ఏ సేవకు పిలువబడినదో ఆమెకు వెంటనే తెలియలేదు. పల్లెలో జబ్బుపడిన పేదల గుడిసెలకు వెళ్లివచ్చుచుండగా, రోగుల పరిచర్యయే తన పని అని క్రమముగా తేటపడింది. ఇంటిలో చెప్పగా తల్లి, అక్క కన్నీళ్లు పెట్టుకొన్నారు. ఆ కాలములో ఆసుపత్రి నర్సు అంటే చదువులేనిది, తాగుబోతు అని పేరు. గొప్ప ఇంటి పిల్ల అక్కడికి పోవుట కుటుంబమునకు అవమానమని వారు తలంచారు. ఆమెను కోరి వచ్చిన మంచి సంబంధమును కూడ ఆమె చాలాకాలము ఆలోచించి వద్దన్నది. పిలుపు విన్న తరువాత పని దొరుకుటకు ఆమెకు పదహారు సంవత్సరములు పట్టింది. పిలుపు విని కూడ దారి కనబడక కాచుకొనియున్న మన యౌవనస్థులు ఈ పదహారు సంవత్సరములను మరువకూడదు.

ఒక పాదిరిగారి ఇల్లు

జర్మనీలో రైను నది ఒడ్డున కైజర్సువెర్తు అను చిన్న ఊరున్నది. అక్కడ తియొడోరు ఫ్లీడ్నరు అను లూథరను పాదిరిగారు, ఆయన భార్య ఫ్రిడెరికె 1836లో ఒక ఆసుపత్రిని, సేవకురాండ్రకు శిక్షణ ఇచ్చే గృహమును ప్రారంభించారు. చాలీచాలని చందాలతో నడుచు బీద సంఘపు పాదిరి ఆయన. ఫ్లారెన్సు 1850లో ఆ స్థలమును చూచివచ్చి, 1851లో మరల వెళ్లి దాదాపు మూడు నెలలు అక్కడ పని నేర్చుకొన్నది. తెల్లవారుజామున లేచి, గంజి త్రాగి, గాయములు కట్టి, మరణించువారి ప్రక్కన కూర్చొన్న ఆ దినములలో తనకు నిజమైన జీవితము దొరికినదని ఆమె అనుకొన్నది. పేరులేని ఒక ఊరి పాదిరిగారు, ఆయన సతీమణి చేసిన పని ఎంత దూరము పోయెనో చూడండి.

1853 ఆగస్టులో లండనులోని హార్లీ వీధిలో, ఆధారము లేని కులీన స్త్రీలకొరకు నడుచు ఒక చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలైనది. మరుసటి యేడు లండనులో కలరా వచ్చినప్పుడు మిడిల్‌సెక్సు ఆసుపత్రికి వెళ్లి రోగులకు సేవ చేసింది. సోహో పేటలో ఒక బోరింగు పంపు నీటివలననే కలరా ప్రాకుచున్నదని డాక్టరు జాను స్నో లెక్కవేసి చూపినది కూడ ఆ యేటనే. పెద్ద డాక్టర్లలో చాలమంది ఆయన మాట నమ్మలేదు. దుర్వాసనతో నిండిన చెడు గాలివలననే రోగములు పుట్టునని ఆనాటి నమ్మకము. ఫ్లారెన్సు నమ్మకము కూడ అదే.

స్కుటారి

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, తుర్కీ దేశములు ఒకవైపున, రష్యా మరొకవైపున నల్లసముద్రపు తీరమున క్రిమియాలో యుద్ధము చేసినవి. గాయపడినవారిని, జబ్బుపడినవారిని ఓడలలో వేసి, సముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపులు ఎదుటనున్న స్కుటారికి చేర్చేవారు. అక్కడ తుర్కీ సైన్యపు పెద్ద బారకాసునే ఆసుపత్రిగా మార్చారు. అక్కడి దుస్థితిని టైమ్సు పత్రికలో చదివి ఇంగ్లండు ప్రజలు మండిపడ్డారు. మంత్రి సిడ్నీ హెర్బర్టు ఫ్లారెన్సును పంపించాడు. అక్టోబరు 21వ తేదీన ఆమె 38 మంది నర్సులతో బయలుదేరింది. వారిలో 10 మంది రోమను కతోలికు కన్యాస్త్రీలు, 14 మంది ఆంగ్లికను గృహములకు చెందిన సేవకురాండ్రు, 14 మంది సామాన్య ఆసుపత్రి నర్సులు. నవంబరు మొదటి వారములో వారు స్కుటారి చేరారు.

అక్కడ వారు చూచినది వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది. మైళ్లకొలది పొడవైన వసారాలలో గచ్చుమీదనే మనుష్యులు వరుసగా పడియున్నారు. దుప్పట్లు లేవు, సబ్బు లేదు, తువాళ్లు లేవు. వెయ్యిమందికి పైగా విరేచనములతో బాధపడుచుండగా వారికున్న మలపాత్రలు ఇరవై మాత్రమే అని ఆమె జీవితచరిత్రకారులు వ్రాశారు. మరుగుదొడ్లు మూసుకొనిపోయినందున వార్డులలో పెద్ద తొట్లు పెట్టారు. వాటిని ఎత్తిపోయుట ఎవరి పనియో ఎవరికిని తెలియనందున అవి గంటల తరబడి అట్లే ఉండేవి. లేవలేనివారు లేవలేక, లేవగలవారు చెప్పులులేని కాళ్లతో ఆ మలినములోనే నడిచి మరల మంచమెక్కేవారు. చేయి విరిగి వచ్చినవాడు వారము తిరుగకముందే రక్త విరేచనములతో పోయేవాడు.

మొదట డాక్టర్లు ఆమెను వార్డులలోనికి రానీయలేదు. కొన్ని దినములలోనే క్రిమియానుండి ఓడల వెంట ఓడలు రాగా గత్యంతరము లేక రమ్మన్నారు. ఆమె గచ్చు తోమే బ్రష్షులు కొనిపించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, సిపాయిల భార్యలచేత బట్టలు ఉతికించింది. రోగులు తినగలిగే పలుచని ఆహారము కొరకు వేరే వంటశాలలు పెట్టించింది. టైమ్సు పత్రిక వసూలు చేసిన నిధినుండి, తన సొంత డబ్బునుండి ఖర్చు పెట్టింది. రాత్రివేళ అందరు నిద్రించిన తరువాత దీపము పట్టుకొని ఒంటరిగా వసారాలన్నియు తిరిగేది. చదువురాని సిపాయిల తరఫున ఇండ్లకు ఉత్తరములు వ్రాసేది.

ఇంతవరకు మనకు తెలిసిన కథయే. తెలియని భాగము ఇక మీదట ఉన్నది.

దీపమునకు కనబడనిది

ఇంత సేవ జరుగుచున్నను మరణములు తగ్గలేదు, హెచ్చినవి. డిసెంబరులో హెచ్చినవి, జనవరిలో ఇంకను హెచ్చినవి. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేర్చబడిన రోగులలో నూటికి 42 మంది లెక్కన మరణించారు. యుద్ధభూమికి దగ్గరగా గుడారములలోను, గుడిసెలలోను నడచిన చిన్న ఆసుపత్రులలో చావులు ఇంతకంటె తక్కువ. ఇంత పెద్ద ఆసుపత్రికి తెచ్చుటయే వారికి ప్రాణాంతకమైనది.

ఎందుచేత? ఆ బారకాసు క్రింద మురుగు కాలువలు పూడిపోయి, ఆ మురుగుమీదనే భవనము నిలిచియున్నది. ఆ కంపు గొట్టములగుండా వార్డులలోనికి ఎగదన్నేది. త్రాగే నీళ్లు వచ్చు కాలువలో ఒక గుఱ్ఱము చచ్చి పడియున్నది. ఫ్లారెన్సు తోమించినది పైనున్న గచ్చును, జబ్బు అడుగుననున్నది. ఆమె లేఖలనుబట్టి చూడగా, సిపాయిలు క్రిమియాలో ఆకలికి, చలికి చిక్కి, ఆలస్యముగా తేబడుటవలననే చనిపోవుచున్నారని ఆ దినములలో ఆమె నమ్మినట్లు కొందరు చరిత్రకారులు చెప్పుచున్నారు.

1855 మార్చిలో ఇంగ్లండునుండి శానిటరీ కమీషను వచ్చింది. డాక్టరు జాను సదర్లాండు, డాక్టరు హెక్టరు గావిన్, ఇంజనీరు రాబర్టు రాలిన్సను అందులోని సభ్యులు. వారు వచ్చిన వెంటనే వందలాది బండ్ల చెత్త ఎత్తించారు. చచ్చిన జంతువులను పాతిపెట్టించారు. మురుగు కాలువలు కడిగించారు. నీటి కాలువ బాగుచేయించారు. గోడలకు సున్నము కొట్టించి, గాలి ఆడునట్లు కిటికీలు, పై కప్పులో సందులు పెట్టించారు. ఎలుకలు చేరిన చెక్క అరుగులు పీకించారు. చావులు దినదినము తగ్గినవి. జూను నెలకు నూటికి 42 ఉన్నది నూటికి 2కు దిగినది. క్రొత్త ఔషధము ఏదియు కనిపెట్టలేదు. నర్సుల సంఖ్య పదింతలు కాలేదు. పాకీ పనివారు, తాపీ పనివారు, సున్నము బకెట్లు ఆ పని చేసినవి.

ఆ మే నెలలో ఫ్లారెన్సు బాలక్లావా వెళ్లి ప్రాణాంతకమైన జ్వరముతో పడిపోయినది. ఆ జ్వరపు శేషము ఆమెను చాల సంవత్సరములు విడువలేదు.

ఇంటికి వచ్చిన తరువాత

1856 ఆగస్టులో ఆమె ఇంగ్లండు తిరిగివచ్చింది. దేశమంతయు ఆమె కొరకు బాజాభజంత్రీలతో ఎదురుచూచుచుండగా, మారుపేరుతో ప్రయాణము చేసి, రైలు దిగి, ఒంటరిగా నడిచి ఇల్లు చేరింది. ఆమె మనస్సులో పండుగ లేదు. ఆ యుద్ధములో దాదాపు 16,000 మంది బ్రిటీషు సిపాయిలు రోగములతో మరణించారు. యుద్ధములోను, గాయములతోను పోయినవారు ఐదువేలకు లోపే. ఆ చావులను ఆమె మరువలేకపోయినది.

విలియం ఫార్ అను గణాంక నిపుణునితో కలిసి ఆమె ఆసుపత్రి లెక్కలన్నియు ముందర వేసికొన్నది. ఏ నెలలో ఎందరు, ఏ ఆసుపత్రిలో ఎందరు, ఏ జబ్బుతో ఎందరు అని వరుసగా వేసి చూచింది. చావులు తగ్గినది మురుగు కాలువలు కడిగిన తరువాతనే అని ఆ లెక్కలు చెప్పినవి. తాను ఏ ఆసుపత్రిలో రాత్రింబగళ్లు కష్టపడినదో, ఏ ఆసుపత్రి పేరుమీద ప్రజలు తన్ను దేవదూత అని పాడుచున్నారో, ఆ ఆసుపత్రియే అందరికంటె ఎక్కువమందిని చంపినదని ఆమె చూచింది.

ఇక్కడ ఆమె మూడు పనులలో ఏదైనా చేయవచ్చును. లెక్కలు మూసిపెట్టి, పొగడ్తలు స్వీకరించి, హాయిగా ఉండవచ్చును. తప్పంతయు సైన్యాధికారులమీద వేసి ఊరుకొనవచ్చును. లేదా నిరాశపడి మూలకూర్చొనవచ్చును. ఆమె ఈ మూడును చేయలేదు. స్కుటారి లెక్కలను ఉన్నవి ఉన్నట్లు రిపోర్టులో వ్రాసి, ప్రభుత్వము 1857లో వేసిన రాజ కమీషను ముందు పెట్టించింది. పామరులకు కూడ అర్థము కావలెనని 1858లో రంగుల చక్రపు పటము గీయించింది. గాయములవలన చావులు ఎఱ్ఱరంగు, ఆపదగిన రోగములవలన చావులు నీలిరంగు, మిగిలినవి నలుపు. ఎఱ్ఱరంగు కొంచెమే, నీలిరంగు పటమంతయు నిండినది. ఆ పటము చూచిన మంత్రికి వేరే ఉపన్యాసము అక్కరలేదు. ఆ సంవత్సరమే ఇంగ్లండు గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొన్నది. అందులో చేరిన మొదటి స్త్రీ ఆమెయే.

పశ్చాత్తాపము అంటే కన్నీళ్లు మాత్రమే కాదు, దారి మార్చుకొనుట అని మేము బోధించుచుందుము. ఆ బోధకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము మాకు తోచుటలేదు.

ఆ తరువాత ఆమె ఎక్కువ కాలము జబ్బుతో మంచముననే ఉండి పనిచేసింది. 1859లో ఆసుపత్రుల నిర్మాణమును గురించి ఒక పుస్తకము ప్రచురించింది. రోగికి క్రొత్త హాని చేయకుండుటయే ఆసుపత్రికి మొదటి నియమమని దాని సారాంశము. గాలి, వెలుతురు, మంచినీరు, మురుగుపారుదల, మంచమునకు మంచమునకు మధ్య ఎడము ఎంత ఉండవలెనో అందులో వివరించింది. నర్సింగును గురించిన మరియొక చిన్న పుస్తకములో నర్సు దినములో అనేకసార్లు చేతులు కడుగుకొనవలెనని చెప్పింది. కృతజ్ఞతగా ప్రజలు పోగుచేసిన 45,000 పౌనులతో 1860లో లండను సెయింటు తామసు ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాలను ప్రారంభించింది.

మన దేశముతో సంబంధము

ఆమె ఇండియా రాలేదు గాని ఇండియాను మరువలేదు. ఇక్కడి బ్రిటీషు సైన్యములో సంవత్సరమునకు వెయ్యికి 69 మంది చనిపోవుచున్నారని 1863లో రాజ కమీషను తేల్చింది. అక్కడను శత్రువు తుపాకి కాదు. విరేచనములు, కలరా, జ్వరములు. ప్రతి సైనిక స్థావరమునకు ప్రశ్నలు పంపి, నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోవును అని అడిగి, వచ్చిన జవాబుల గుట్టలన్నిటిని ఆమె చదివింది. పది సంవత్సరములు తిరుగునప్పటికి ఆ 69 అనునది 18కి తగ్గినది. సిపాయిల సంగతి చూచిన తరువాత పల్లె ప్రజల సంగతి పట్టించుకొన్నది. ఊరి నీళ్లు బాగుపడనిదే ఊరు బాగుపడదని గవర్నర్లకు, వైస్రాయిలకు వ్రాయుచునే ఉండేది.

మన గోదావరి మండలములవారు ఒక సంగతి విని సంతోషింతురు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుదొరగారితో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరములుండేవి. కాలువలు త్రవ్వి నీళ్లు ఇచ్చుటయే కరవులకు మందు అని ఆయన వాదించగా, ఆమె ఆయన పక్షమున వ్రాసింది. 1876 మొదలుకొని 1878 వరకు మద్రాసు రాజధానిని కాల్చిన కరవునాడు ఆ వాదమునే ఇంగ్లండు పత్రికలలో వినిపించింది.

ఆమె పొరపాటు – మనకు తెలిసినది

ఆమెను దేవతను చేయుట మా ఉద్దేశము కాదు. చెడుగాలియే రోగమూలమను పాత నమ్మకమును ఆమె చాలకాలము విడువలేదు. కంటికి కనబడని క్రిములు ఒకరినుండి ఒకరికి రోగము మోయునను మాట ఆమెకు రుచించలేదు. 1884లో జర్మను డాక్టరు రాబర్టు కోహు కలకత్తాలో కలరా క్రిమిని చూపాడు. 1897లో జపాను డాక్టరు కియోషి షిగా రక్త విరేచనముల క్రిమిని కనుగొన్నాడు. ఈలోగా ఆమెయు వయస్సు మీరిన తరువాత క్రిముల సంగతి ఒప్పుకొని, చేతులను, పనిముట్లను శుద్ధిచేయు పద్ధతులను నర్సులకు సిఫారసు చేసింది. సిద్ధాంతము తప్పైనను ఆమె చేయించిన పని సరియైనది. కంపు పోగొట్టుటకు మురుగు తీసివేయగా, ఆ మురుగుతో క్రిములును పోయినవి.

స్కుటారి సిపాయిలను చంపినది క్రిమి ఒక్కటే కాదు, ఒంటిలోని నీరు, ఉప్పు కారిపోవుట. ఆ నష్టమును నోటిద్వారానే పూడ్చవచ్చునని ఇప్పుడు మనకు తెలియును. 1971లో బంగ్లాదేశు కాందిశీకుల బన్‌గావ్ శిబిరములో కలరా వచ్చినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు త్రాగించి నూటికి ముప్పదిగా ఉన్న చావులను నాలుగుకు లోపు తెచ్చాడు. పొట్లము దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలుపవలెను. ఇది ప్రతి తల్లికి కంఠస్థము కావలెను.

అయితే స్కుటారి సమస్య తీరిపోయినదని అనుకొనరాదు. నేటి మంచి ఆసుపత్రులలో కూడ వేరే జబ్బుతో చేరినవారికి అక్కడ విరేచనములు పట్టుకొనుట ఉన్నది. చిన్నపిల్లల వార్డులో రోటావైరసు, ఏ వార్డులోనైనను నోరోవైరసు, చెడిన ఆహారమువలన సాల్మొనెల్లా, చేతులవలన షిగెల్లా రావచ్చును. వీటిలో ముఖ్యముగా చెప్పుకొనవలసినది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె అను క్రిమి. 1935లో పసిబిడ్డల మలములో దీనిని మొదట చూచినప్పుడు ఎవరును లక్ష్యపెట్టలేదు. 1978లో గాని ఇది ఆసుపత్రి రోగులకు ప్రాణాంతకమైన విరేచనములు కలిగించునని రుజువు కాలేదు. మన ప్రేగులలో మేలుచేయు క్రిములు కోట్లకొలదిగా ఉండి చెడ్డవాటిని అణచి ఉంచును. యాంటీబయాటిక్ మందులు ఆ మేలు క్రిములను కూడ చంపగా, ఖాళీయైన ఆ చోట ఇది పెరిగి విషము విడుచును. ముసలివారికి, ఎక్కువ దినములు ఆసుపత్రిలో ఉన్నవారికి ఇది ప్రమాదము. దీనికి గట్టి పెంకు గల బీజములున్నవి. అవి మంచపు కమ్ములమీద, గచ్చుమీద నెలల తరబడి చావక ఉండును. చేతికి రాసుకొనే స్పిరిటు మందుకు అవి చావవు. సబ్బు, పారు నీళ్లు పెట్టి రుద్ది కడుగవలెను. గచ్చును, కమ్ములను క్లోరిను గల మందుతో తుడువవలెను.

మేము చేసినది

ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘపు పెద్ద ఒకరు తుంటి ఎముక విరిగి ఒక ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషను బాగుగా జరిగినది. పుండు మానుటకు బలమైన మందులు ఇచ్చుచుండగా పదియవ దినమున విరేచనములు పట్టుకొన్నవి. మేము ప్రతి సాయంకాలము వెళ్లి, ఆయన మంచపు కమ్మి పట్టుకొని నిలిచి, చేతిలో చేయి వేసి ప్రార్థన చేసేవారము. అది చూచి ప్రక్క మంచమువారు కూడ అయ్యగారూ మాకును ప్రార్థన చేయండి అనేవారు. అట్లు మంచమునుండి మంచమునకు, తలమీద చేయి ఉంచుచు వార్డంతయు తిరిగేవారము. ఇది మంచి పరిచర్యయని మాకు తృప్తిగా ఉండేది.

ఒకనాడు ఒక నర్సమ్మ, వయస్సులో మా చెల్లెలంతటిది, మమ్మును ప్రక్కకు పిలిచి, అయ్యగారూ ఒక్కొక్క మంచము తరువాత సబ్బుతో చేతులు కడుగుకొని వెళ్లండి అని నెమ్మదిగా చెప్పింది. మేము జేబులోని స్పిరిటు సీసా తీసి చూపి, ఇది ఉన్నదిగదా అన్నాము. ఈ జబ్బుకు అది పనిచేయదని ఆమె చెప్పింది. మాకు కొంచెము కోపమే వచ్చింది. తలవంచి కడుగుకొన్నాము గాని మనస్సులో ఒప్పుకొనలేదు. నాలుగు దినములకు ప్రక్క మంచములోని మనిషికి కూడ విరేచనములు మొదలైనవి. మా చేతిద్వారా వెళ్లెనో, మరి ఏ విధముగా వెళ్లెనో చెప్పగలవారు లేరు. మా పెద్దగారు నెల దినములకు చిక్కి సగమై ఇల్లు చేరారు. ప్రక్క మంచములోని ఆయన ఇల్లు చేరలేదు.

ఆ తరువాతనే స్కుటారి చరిత్ర అంతయు తెప్పించుకొని చదివాము. ప్రేమతో వెళ్లిన చేయి కూడ మరణమును మోయవచ్చునని అందులో చూచాము. ప్రేమ ఉన్నదిగదా అని శుభ్రతను అశ్రద్ధ చేయువాడు తన ప్రేమను తానే పాడుచేసికొనుచున్నాడు. మంచి సమరయుడు నూనె, ద్రాక్షారసము పోసి గాయము కట్టిన తరువాతనే పూటకూళ్ల ఇంటికి తీసికొనిపోయాడు గదా; కరుణతోబాటు ఆ పని ఎట్లు చేయవలెనో కూడ ఆయనకు తెలిసియున్నది.

కాబట్టి మన సంఘములవారికి మా మనవి. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోవుట మానవద్దు. వెళ్లునప్పుడు గుంపుగా వెళ్లవద్దు, మంచముమీద కూర్చొనవద్దు. వార్డులోనికి పోకముందును, ప్రతి మంచము విడిచిన తరువాతను సబ్బుతో 40 నుండి 60 సెకండ్ల వరకు చేతులు రుద్ది కడుగుకొనండి. మీకు విరేచనములో, వాంతులో ఉన్నయెడల ఇంటినుండే ప్రార్థించండి. డాక్టరు వ్రాయనిదే యాంటీబయాటిక్ మందులు కొని మ్రింగవద్దు. వ్రాసినవాటిని మీ అంతట మీరే ఆపనూ వద్దు. ఆసుపత్రిలో మందులు పడుచున్నప్పుడు విరేచనములు మొదలైతే సిగ్గుపడక వెంటనే నర్సుకు చెప్పండి. విరేచనములు కట్టించు బిళ్లలు మాత్రము డాక్టరును అడుగకుండ వేసికొనవద్దు. మంచము క్రింద తుడుచు ఆయాను, మరుగుదొడ్డి కడుగు మనిషిని చులకనగా చూడవద్దు. స్కుటారిని బాగుచేసినవారు వారి వంటివారే.

చివరి దినములు

ఫ్లారెన్సు తొంబది సంవత్సరములు జీవించింది. చివరి పది సంవత్సరములు చూపు పోయినది. 1907లో ఇంగ్లండు రాజు ఆర్డరు ఆఫ్ మెరిట్ అను బిరుదు ఇచ్చాడు; ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన లండనులోని తన ఇంటిలో నిద్రలోనే ప్రభువునందు నిద్రించింది. రాజులను, కవులను పాతిపెట్టు వెస్టుమినిస్టరు ఆబీలో స్థలము ఇత్తుమన్నను కుటుంబమువారు ఆమె కోరికనుబట్టి వద్దన్నారు. హాంప్‌షైరులో ఈస్టు వెల్లో అను పల్లెలోని గుడి ఆవరణములో తలిదండ్రుల ప్రక్కనే పాతిపెట్టారు. రాతిమీద పేరు కూడ పూర్తిగా లేదు; రెండు పొడి అక్షరములు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నవి.

ఆమె పుట్టిన మే 12వ తేదీని లోకమంతట నర్సుల దినముగా ఆచరించుచున్నారు. వచ్చే మే నెలలో ఆ దినమున మన సంఘములలోని నర్సులను ముందుకు పిలిచి దీవించుదము. దానికి ముందు మన గుడి ఆవరణములో చేతులు కడుగుకొనుటకు ఒక కుళాయి, ఒక సబ్బుబిళ్ల ఉన్నవో లేవో చూచుకొందము. మా గుడిలో ఇంతకాలము లేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి ఉండును.